పద్నాలుగో గారె

అనగనగా అని మొదలుపెడితే ఈ కథలో రాజుగారికి కోపం వస్తుంది. "అనగనగా ఏమిటి, ముందు నా పేరు చెప్పు" అంటారు. అందుకని ముందు పేరే చెప్పుకుందాం. ఒకానొక చిన్న రాజ్యాన్ని ఉద్దండ భూపతి అనే రాజు ఏలేవాడు. రాజ్యం ఎంత చిన్నదంటే, తూర్పు పొలిమేరలో కోడి కూస్తే పడమటి పొలిమేరలో జనం నిద్ర లేచేవారు. రాజుగారు మాత్రం ఏ వైపు నుంచి చూసినా పెద్దవారే.

ఆయన పాదం నేల మీద ఆనడం ప్రజలు చూసి ఏళ్ళు గడిచాయి. కొలువు నుంచి పూలతోటకు వెళ్ళాలన్నా పల్లకీయే. దాన్ని ఎనమండుగురు బోయీలు మోసేవారు, నలుగురు ముందు, నలుగురు వెనక. వాళ్ళకు పెద్ద నూకన్న. పల్లకీ పక్కన అడపం పట్టుకుని, అంటే రాజుగారి తాంబూలపు పెట్టె పట్టుకుని నడిచేవాడు కొమ్మన.

అడపం పట్టడం చూడ్డానికి చిన్న ఉద్యోగమే. కాని అది రాజుగారి నోటికి దగ్గరగా ఉండే ఉద్యోగం. నోటినిండా తమలపాకులుంటే ఎంత రాజైనా మాట్లాడలేడు గదా! కొలువులో ఎవరి తలకైనా ముప్పు వస్తోందని తోస్తే కొమ్మన చప్పున ఒక తమలపాకు చిలక చుట్టి అందించేవాడు. అది నమిలి మింగేలోగా రాజుగారికి కోపం సగం చల్లారేది. అలా దక్కిన తలలు ఆ ఊళ్ళో చాలానే తిరుగుతుండేవి.

ఈ బోయీలకు ఒక ఆచారం ఉండేది. రోజూ పల్లకీ ఎత్తేముందు వరసగా నిలబడి, ప్రతివాడూ పక్కవాణ్ణి ఒక తిట్టు తిట్టాలి. దానికి తిట్టించుకున్నవాడితో సహా అందరూ నవ్వాలి. ఎవడైనా నవ్వలేకపోయాడా, వాడు ఆ రోజుకు పల్లకీ బొంగు ముట్టుకోకూడదు. వాడి బదులు ఇంకొకడు వస్తాడు.

"కడుపులో కచ్చ ఎట్టుకున్నోడి అడుగు పక్కోడి అడుగుతో కలవదు బాబూ" అని నూకన్న ఒకసారి కొమ్మనకు చెప్పాడు. "ఆడు రెండు బరువులు మోత్తాడు. రెండోది మాకు కనబడదు."

మజిలీ దగ్గర ఆగినప్పుడు వాళ్ళకు ఒక ఆట కూడా ఉండేది. వెనక మోసేవాళ్ళ కళ్ళకు గంతలు కట్టి, ముందు మోసేవాళ్ళు పాట పాడుతూ ముళ్ళకంపల మధ్య నుంచి నడిపించేవారు. ముల్లు తొక్కించినవాడు గుంజీలు తీయాలి. ఒళ్ళు పెరిగిన మొగాళ్ళు పిల్లల్లా కేకలు పెట్టుకుంటూ ఆడుతుంటే కొమ్మన చెట్టు కింద కూర్చుని వక్కలు కత్తిరిస్తూ చూసేవాడు.

అది ఉత్త ఆట కాదని అతనికి తెలుసు. వెనకవాళ్ళకు పల్లకీ అడ్డం, దారి కనబడదు. ముందు నడిచే నూకన్న పాటే వాళ్ళ కళ్ళు.

"రాయొచ్చింది ఎడమకు, ఓహోం! గుంటొచ్చింది కుడికి, ఓహోం!"

దారి చదునుగా ఉన్నప్పుడు పాటలో చెప్పడానికి ఏమీ ఉండదు గనక ఊళ్ళో కబుర్లన్నీ అందులోకి వచ్చి చేరేవి. రాజుగారు పల్లకీ ఎక్కగానే గుర్రుపెట్టి నిద్రపోయేవారు. ఏ చిక్కూ లేదు.

ఒకరోజు ఆయనకు అజీర్తి చేసి నిద్రపట్టలేదు. తెర పక్కన చెవి ఆనించి పడుకున్నారు. దారి చదునుగా ఉంది.

"పొద్దున గారెలు పద్నాలుగు, ఓహోం! తిన్నది ఒక్కరు దొరగారు, ఓహోం! మోసేది మనమెనమండుగురం, ఓహోం!"

"ఆపండి!" అని పల్లకీలోంచి కేక వచ్చింది.

కొమ్మన చిలక అందించాడు. రాజుగారు చెయ్యి విదిలించారు. అడపం చరిత్రలో అలా జరగడం అదే మొదలు.

"నూకన్నా! పద్నాలుగు అని నీకెవరు చెప్పారు? వంటవాడా?"

నూకన్న చేతులు కట్టుకుని నిజం చెప్పాడు. "ఎవురూ సెప్పలేదు దొరా. బుజానికి తెలిసిపోద్ది."

నిజం చెప్పినవాడు బాగుపడ్డ కథ మనం విన్నది తక్కువ. రాజుగారు ఆ సాయంత్రమే ఘటికాశాస్త్రిని పిలిపించారు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎప్పుడూ చంకలో ఒక చిల్లు గిన్నె, కాలం కొలిచేది, పెట్టుకుని తిరిగేవాడు. భార్య అన్నం వడ్డించడానికి ఎంతసేపు పడుతుందో కొలిచి, పుట్టింటికి పంపుకున్న ఘనుడు.

శాస్త్రి మూడు రోజులు పల్లకీ వెంట నడిచి, గిన్నె నీళ్ళలో ముంచి, లెక్క తేల్చాడు. "ప్రభూ, తిట్లకు పావు గడియ దండగ. ఆటకు ఒక గడియ దండగ. పాట సంగతి మరీ ఘోరం. నోట పోయిన ఊపిరి కాలికి అందదు గదా!" అని తాటాకుల మీద వాహక నియమావళి రాసి ఇచ్చాడు. బోయీలు మాట్లాడరాదు, పాడరాదు, ఆడరాదు, నవ్వరాదు.

రాజుగారు రాజముద్ర వేశారు. ముద్ర వేయడంలో ఆయన ఏనాడూ ఆలస్యం చేయలేదు.

ఆ వారంలోనే గవరయ్య మేక సన్నాసి పెరట్లో చిక్కుడుపాదు మేసేసింది. ఇద్దరూ వెనకవరస బోయీలే. పాతరోజుల్లో అయితే సన్నాసి మర్నాడు పొద్దున్నే నలుగురిలో ఏదో ఒకటి అనేవాడు, గవరయ్య ఇంకొకటి అనేవాడు, అందరూ నవ్వేవారు, మేక గొడవ మేకతోనే పోయేది. ఇప్పుడు తిట్టడానికి వీల్లేదు. తిట్టు కడుపులో ఉండిపోయి కుళ్ళింది. ఇద్దరూ ఒకే బొంగు కింద మూడు రోజులు నడిచారు, ఒకడు కుడికాలు వేస్తే ఒకడు ఎడమకాలు. నాలుగో రోజు చెప్పేవాడు లేక వెనకవరస రాయి తన్నుకుంది. పల్లకీ ఊగింది. కిరీటం జారి రాజుగారి ముక్కు మీద ఆగింది.

"పున్నమినాడు పొలిమేర మంటపానికి పొరుగురాజు దుర్జయవర్మ వస్తున్నాడు" అన్నారు రాజుగారు కిరీటంలోంచి. "ఆనాడు నా పల్లకీ వెంట్రుకవాసి ఊగినా మీ ఎనమండుగురూ పెళ్ళాం బిడ్డలతో ఈ రాజ్యం విడిచిపోవాలి."

మర్నాడు మధ్యాహ్నం నూకన్న కొమ్మన ఇంటికి వచ్చాడు. వసారాలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"పాట లేకపోతే వెనకవాళ్ళు గుడ్డివాళ్ళేనని దొరగారికి చెప్పలేదా?" అని అడిగాడు కొమ్మన.

"సెప్పాను బాబూ. బోయీకి దారి సెప్పాలా అన్నారు శాస్త్రిగోరు. గవరయ్యా సన్నాసీ ఏమో ఒకడి మొకం ఒకడు సూసుకోటం లేదు. మా తాత ఈ దొరగారి తాతను మోశాడు. ఇప్పుడీ వయసులో నెత్తిన మూటెట్టుకుని ఏ దేశం పోతాం?"

కొమ్మనకు ప్రాణం ఉసూరుమంది. అతను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పల్లకీ వేగం అందుకోలేక అరికాళ్ళు బొబ్బలెక్కి ఏడుపు దిగమింగుకుంటుంటే, "అడపం బాబుకు పొక్కులు, ఓహోం! అడుగు తగ్గించండి అన్నలు, ఓహోం!" అని పాట మార్చి నడక తగ్గించింది ఈ మనిషే. ఆ కొలువులో తనను మొదట మనిషిగా చూసింది వీళ్ళే. వీళ్ళు వెళ్ళిపోతే ఆ పల్లకీ పక్కన నడవడం తన వల్ల కాదు.

"మామా, పున్నమిదాకా మేకను కట్టేసి ఉంచమను" అన్నాడు కొమ్మన. "మిగతాది నాకు వదిలెయ్."

మరునాడు కొలువులో కొమ్మన అడపం కింద పెట్టి, ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఏమయింది?" అన్నారు రాజుగారు.

"శాస్త్రిగారి నియమావళి మళ్ళీ చదివించుకుని విన్నాను ప్రభూ. ఏం శాస్త్రం! ఏం శాస్త్రం! ఇంత గొప్ప విద్య పోయి పోయి ఆ మొరటు భుజాల పాలయిందే అని దుఃఖం ఆగలేదు. పాడవద్దంటే నోరు మూసుకున్నారు గాని, మౌనంలో ఉండే సూక్ష్మం వాళ్ళకేం తెలుస్తుంది?"

శాస్త్రి తల ఊపాడు. "నిజం చెప్పావు కొమ్మనా. అదే నా బాధ."

"అందుకే నాకొక ఊహ తోచింది. దుర్జయవర్మను మోసేది ఎవరు? మామూలు బోయీలు. మన ఏలినవారిని ఆనాడు మంత్రులూ పండితులూ మోస్తే? నియమావళి తెలిసిన భుజాలు గదా, పల్లకీ నీళ్ళమీద హంసలా సాగిపోతుంది. దుర్జయవర్మ మొహం ఎక్కడ పెట్టుకుంటాడో నాకు తెలియదు."

రాజుగారి మీసాలు పైకి లేచాయి. అదే సమయానికి కొలువులో మిగతా మీసాలన్నీ కిందికి దిగాయి.

"నేను రాసేవాణ్ణి, మోసేవాణ్ణి కాను!" అన్నాడు శాస్త్రి.

"పోనీయండి ప్రభూ" అన్నాడు కొమ్మన. "రాసినవారికే నమ్మకం లేనప్పుడు మనం బలవంతపెట్టకూడదు."

"నమ్మకం లేదని ఎవడన్నాడు?"

"ఉందా?"

"ఉంది!"

"అయితే తమకు వెనకవరస. శాస్త్రానికి కళ్ళతో పనేముంది?" అని కొమ్మన రాజుగారి వైపు తిరిగాడు. "పల్లకీ ఊగకుండా మంటపం చేరితే, ఈ అడపం శాస్త్రిగారికి అప్పగించి నూకన్న వాళ్ళతోపాటు నేనూ రాజ్యం విడిచిపోతాను. చేరకపోతే మాత్రం నియమావళి పొయ్యిలోకి, బోయీలు పల్లకీ దగ్గరికి."

రాజుగారు అప్పటికే దుర్జయవర్మ మొహాన్ని ఊహించుకుంటున్నారు. "అలాగే" అన్నారు.

పున్నమినాడు ఉదయం ఎనమండుగురు పెద్దమనుషులు పట్టుబట్టలు ఎగ్గట్టి బొంగు కిందికి దూరారు. ముందువరసలో ప్రధాని మాధవామాత్యుడు, సేనాపతి రణకేతుడు. వీళ్ళిద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. రాజుగారి తర్వాత మొదటి తాంబూలం ఎవరికి ఇవ్వాలన్నది తగవు. రోజూ తాంబూలం పంచేవాడు కొమ్మనే గనక, ఆ తగవు లోతు అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ముందువరసకు వాళ్ళిద్దరి పేర్లూ సూచించింది కూడా అతనే.

నేర్చుకోవడానికని అసలు బోయీలను వట్టి చేతులతో వెనక నడవమన్నారు.

పల్లకీ లేచింది. మౌనంగానే లేచింది గాని ఒక పక్క ముందు లేచింది, ఇంకో పక్క కాస్త ఆలోచించి లేచింది. లోపల రాజుగారు దిండుతో సహా ఒక మూలకు జారారు. "ఇది హంస నడక కాబోలు" అనుకుని మీసం సవరించుకున్నారు.

మంటపం కనుచూపు మేరకు వచ్చేసరికి దారికి అడ్డంగా బర్రెలు పొర్లే మడుగు వచ్చింది. ప్రధాని చూశాడు. సేనాపతీ చూశాడు. ఎటు తప్పుకోవాలో అడగాలంటే ఆరేళ్ళ పంతం విరగాలి. ప్రధాని కుడికి తిరిగాడు. సేనాపతి ఎడమకు తిరిగాడు. వెనకవాళ్ళకు ఏమీ కనబడలేదు గనక తిన్నగా నడిచారు. శాస్త్రి కాలు మోకాటిదాకా బురదలో దిగబడింది.

"గుంట ఉందని చెప్పొద్దటయ్యా!" అని శాస్త్రి పొలికేక పెట్టాడు.

"మాట్లాడరాదు అని రాసింది తమరే గదా!" అని ప్రధాని వెనక్కు తిరిగాడు. తిరిగేటప్పుడు బొంగు తనతో తిరగదన్న సంగతి ఆయన మరిచాడు.

రాజుగారు మడుగు మధ్యలో కూర్చున్నట్టుగానే పడ్డారు. దెబ్బ తగల్లేదు, బురద మెత్తన. చుట్టూ ఉన్న బర్రెలు తలలు తిప్పి చూశాయి గాని లేవలేదు. ఆ రాజ్యంలో రాజుగారిని చూసి లేవనివి అవి మాత్రమే.

సరిగ్గా అప్పుడే మంటపం దగ్గర దుర్జయవర్మ భేరీలు మోగాయి.

"ఎత్తండి! ఎవరైనా ఎత్తండి! నూకన్నా!" అని రాజుగారు అరిచారు. "ఆ నియమావళి తగలెయ్యండి!"

కొమ్మన వెంటనే శాస్త్రి నడుమున దోపుకున్న ఆ తాటాకుల కట్ట లాగి బురదలో తొక్కాడు. పొయ్యి కోసం ఆగితే రాజుగారి మనసు మారవచ్చు.

బోయీలు పల్లకీని ఒడ్డుకు లాగారు, రాజుగారిని లోపల కూర్చోబెట్టారు, వరసగా నిలబడ్డారు. అంతే, నిలబడ్డారు.

"ఎత్తరేం?"

"తిట్టుకోవాల దొరా" అన్నాడు నూకన్న. "నెల్రోజుల కచ్చ ఉంది. దాంతో ఎత్తితే మళ్ళీ మడుగే."

"కానివ్వండి, తొందరగా!"

సన్నాసి గవరయ్య వైపు తిరిగాడు. నెలరోజులుగా నానుతున్న తిట్టు అది. "ఒరే గవరయ్యా! మీ ఇంట్లో మీ ఆవిడ వంట తినలేక నీ మేక మా ఇంటికొచ్చింది. దానికున్న తెలివి నీకుంటే దాని ఎనకే నువ్వూ వచ్చేవోడివి!"

గవరయ్య మూతి బిగించాడు. బిగించిన మూతి కాసేపు వణికింది. "ఒరే, వచ్చిందాన్ని వచ్చినట్టే ఉంచుకోపోయావా! మీ ఆవిడ కేకలకు పాలివ్వడం మానేసింది!" అని పగలబడి నవ్వాడు. మిగతావాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ప్రధాని ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. సేనాపతికి అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేక బయటికే నవ్వేశాడు.

బోయీలు బొంగు దాకా వంగారు. కొమ్మన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు మామా. ఇంకొకరు మిగిలారు. పల్లకీలో ఉన్న కోపం కూడా బరువే గదా?"

అందరూ తెరవైపు చూశారు. నూకన్న తెరకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు నోరు జారితే దేశం విడిచిపోవడం కాదు, తలే పోవచ్చు. కాని బొంగు దగ్గర అబద్ధం ఆడే అలవాటు అతనికి లేదు.

"దొరా" అన్నాడు మెల్లగా. "మా బుజాలు మిమ్మల్ని ముప్పై ఏళ్ళుగా మోత్తన్నాయి. పొలిమేర కొండనెత్తి అవతల పెట్టమంటే పెట్టెయ్యగలం. తమరు మాత్రం ఆ పద్నాలుగో గారె దగ్గర చెయ్యి ఆపలేరు."

దూరంగా భేరీలు మోగుతున్నాయి. కొమ్మన అడపం మూత తెరిచి, మూత లోపలి అద్దాన్ని రాజుగారి ముఖం ముందు పెట్టాడు. కిరీటం మీద నాచు, మీసం చివర ఒక నత్త.

రాజుగారు నత్తను చూశారు. నత్త కూడా కొమ్ములు బయటపెట్టి రాజుగారిని చూసింది. ముందు ఆయన పొట్ట కదిలింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత గొంతు. ఆ నవ్వుకు బర్రెలు లేచి నిలబడ్డాయి.

"ఎత్తు నూకన్నా!" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "పాట కూడా ఎత్తు!"

పల్లకీ గాలిలో తేలినట్టు సాగింది. "మడుగు దాటింది పల్లకీ, ఓహోం! నత్త దిగలేదు దొరగారికి, ఓహోం!"

మంటపం దగ్గర దుర్జయవర్మ ముత్యాల హారాలతో నిలబడి ఉన్నాడు. బురద ఓడుతూ దిగిన ఉద్దండ భూపతిని చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "ఇదేమిటి?"

రాజుగారు కొమ్మన వైపు చూశారు. కొమ్మన వంగి దండం పెట్టాడు. "మహాప్రభూ, ఇది మా దేశాచారం. మిత్రుణ్ణి కలిసే రోజున సొంత నేల మట్టి ఒంటికి పూసుకుని వస్తారు. ఎంత మట్టి ఉంటే అంత మైత్రి."

దుర్జయవర్మ తన మడత నలగని పట్టుబట్టలు చూసుకున్నాడు. రాజు కదా, తగ్గడం చేతకాదు. "మా మైత్రి తక్కువనుకున్నారా?" అని పక్కనే ఉన్న పంటకాలువలోకి దిగి ఛాతీదాకా మట్టి పూసుకున్నాడు. తన మంత్రుల చేతా పూయించాడు. ఎవరు ఎత్తైన ఆసనం మీద కూర్చోవాలన్న తగవు రెండు రాజ్యాల మధ్య ఇరవై ఏళ్ళుగా ఉంది. ఆ రోజు ఆసనాలు పాడవుతాయని అందరూ గట్టు మీదే కూర్చున్నారు. సంధి మాటలు భోజనాల వేళకే అయిపోయాయి.

"మా బోయీలు ఎప్పుడూ ధుమధుమలాడుతుంటారు" అన్నాడు దుర్జయవర్మ. "మీవాళ్ళు అంత సంతోషంగా ఎలా మోస్తున్నారు?"

"ఇందాకే నన్ను తిట్టారు, అందుకు" అన్నారు రాజుగారు గర్వంగా.

కోటకు తిరిగి వచ్చాక బోయీలకు తలా ఒక పొలం చెక్క ఇప్పించారు. ఇకమీదట కొలువు మొదలయ్యే ముందు మంత్రులు కూడా వరసగా నిలబడి తిట్టుకోవాలని శాసనం చేశారు. ప్రధాని, సేనాపతి మొదటి రోజు ఒక జాము ఆపకుండా తిట్టుకుని, చివరికి ఒకే చిలకను చెరి సగం కొరికి తిన్నారు. శాస్త్రి మజిలీల్లో కళ్ళకు గంతలు కట్టించుకుని ముళ్ళకంపల మధ్య నడుస్తున్నాడు. ముల్లు తొక్కకుండా ఎంతసేపు నడిచాడో గిన్నెతో కొలిచిపెట్టే పని సన్నాసిది.

"కొమ్మనా, నీకేం కావాలో కోరుకో" అన్నారు రాజుగారు.

"ఏలినవారు రోజూ పొద్దున ఆరగించే గారెల్లో ఆ పద్నాలుగోది నాకిప్పించండి."

"ఒక్క గారెనా! నా వేలి ఉంగరం అడుగుతావనుకున్నాను."

"ఉంగరం పెట్టుకుంటే నాకొక్కడికే బాగుంటుంది ప్రభూ. ఆ గారె నేను తింటే ఎనమండుగురికి బాగుంటుంది."

రాజుగారు విరగబడి నవ్వి ఉంగరమూ తీసి ఇచ్చారు, గారె ఇస్తానని మాటా ఇచ్చారు.

మర్నాడు పొద్దున్న పల్లకీ లేచింది. నూకన్న నాలుగడుగులు వేసి, భుజం ఒకసారి సర్దుకుని, గొంతెత్తాడు.

"ఇవాళ కూడా పద్నాలుగే, ఓహోం! అడపం బాబుకు పస్తులే, ఓహోం!"

పల్లకీ తెర కొద్దిగా తొలగింది. ఉంగరం లేని చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. అందులో ఇంకా వేడి ఆరని గారె ఒకటి ఉంది.

"ఓహోం" అన్నారు రాజుగారు.